పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

బిడ్డ గుండెకు చిల్లు పడిందన్నారు. అంటే ఏమిటి?

తల్లి కడుపులో బిడ్డ గుండె మూడో వారంలో మొదలై, ఎనిమిదో వారం ముగిసేసరికి దాదాపుగా రూపు కడుతుంది. మొదట సన్నని గొట్టంలా ఉన్నది మెలి తిరిగి, లోపల గోడలు లేచి, నాలుగు గదులుగా విడిపోతుంది. నెల తప్పిన సంగతి ఇంట్లో రూఢి అయ్యే నాటికే ఈ పని చాలావరకు జరిగిపోయి ఉంటుంది. ఈ క్రమంలో ఒక గోడ పూర్తిగా మూసుకోకపోయినా, ఒక కవాటం సన్నబడిపోయినా, ఒక రక్తనాళం చేరవలసిన చోటికి కాక వేరొక చోటికి చేరినా దానిని పుట్టుకతో వచ్చిన గుండె జబ్బు అంటాము. కనుక చిల్లు 'పడింది' అనే మాట సరైనది కాదు. ఉన్న గోడకు కొత్తగా చిల్లు పడలేదు. మూసుకోవలసిన గోడ మూసుకోలేదు.

ఊళ్లలో అన్నింటినీ కలిపి చిల్లు అనేస్తారు గాని, ఇందులో ప్రధానంగా మూడు రకాలున్నాయి. మొదటిది నిజంగానే రంధ్రాలు: కింది గదుల మధ్య ఉంటే వీఎస్‌డీ, పై గదుల మధ్య ఉంటే ఏఎస్‌డీ, పుట్టాక మూసుకోవలసిన ఒక చిన్న రక్తనాళం తెరుచుకునే ఉండిపోతే పీడీఏ. వీటిలో మంచి రక్తం మళ్లీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది, బిడ్డ రంగు మారదు, కానీ గుండెకూ ఊపిరితిత్తులకూ పని పెరిగిపోతుంది. రెండో రకంలో చెడు రక్తం మంచి రక్తంతో కలిసి ఒంట్లోకి పోవడం వల్ల బిడ్డ నీలంగా మారుతుంది. 1888లో ఫ్రెంచి వైద్యుడు ఫాలో వివరించినందువల్ల ఆయన పేరుతోనే పిలుస్తున్న ఫాలోస్ టెట్రాలజీ, గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద ధమనులూ తారుమారయ్యే టీజీఏ ఈ కోవలోవి. మూడోది అడ్డంకులు, అంటే కవాటమో, బృహద్ధమనో సన్నబడిపోవడం. రంధ్రం ఉందా లేదా అన్నదానికంటే, ఏ రకం, ఎంత పెద్దది, ఎక్కడుంది అన్న మూడు సంగతులు తెలిస్తేనే తల్లిదండ్రులకు తర్వాతి దారి కనిపిస్తుంది. డాక్టరును మొదట అడగవలసినవి ఈ మూడే.

ఇది అరుదైన జబ్బా?

కాదు. పుట్టే ప్రతి వంద మందిలో సుమారు ఒకరికి ఏదో ఒక స్థాయిలో గుండె లోపం ఉంటుంది. మన దేశంలో ఏటా 2 లక్షలకు పైగా బిడ్డలు ఇలా పుడుతున్నారని అంచనా; వారిలో దాదాపు ఐదో వంతు మందికి మొదటి పుట్టినరోజు రాకముందే చికిత్స జరగాలి.

మా రెండు వైపులా ఎవరికీ గుండె జబ్బు లేదు. మా బిడ్డకే ఎందుకు వచ్చింది?

ఎక్కువ మంది పిల్లల్లో కారణం ఇదీ అని వేలు పెట్టి చూపించలేము. తెలిసిన కారణాలు కొన్ని ఉన్నాయి. గర్భం తొలి నెలల్లో తల్లికి రుబెల్లా సోకడం, గర్భానికి ముందు నుంచీ ఉన్న షుగరు అదుపులో లేకపోవడం, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ వంటి మందులు, మద్యం వీటిలో ముఖ్యమైనవి. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది కాబట్టి, అటువంటి ప్రతి బిడ్డకూ పైకి ఏ లక్షణమూ లేకపోయినా ఎకో పరీక్ష, అంటే గుండె స్కానింగ్, చేయించవలసిందే. మేనరికాల్లోనూ, అక్క కూతురిని చేసుకున్న సంబంధాల్లోనూ ముప్పు కొంత పెరుగుతుంది. అయితే మేనరికం చేసుకున్న వారిలోనూ అత్యధికులకు ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు, బయటి సంబంధం చేసుకున్న వారికీ ఈ జబ్బుతో బిడ్డలు పుడతారు.

గ్రహణం రోజు కత్తిపీట ముట్టుకోవడం, బొప్పాయి తినడం, మెట్లు ఎక్కడం, ఎవరో దిష్టి పెట్టడం కారణాలు కావు. ఈ సంగతి ఇంత స్పష్టంగా రాయడానికి ఒక కారణం ఉంది. బిడ్డకు గుండె జబ్బని తేలిన రోజు నుంచి చాలా ఇళ్లలో చర్చ బిడ్డ మీద కాకుండా, తల్లి ఏ తప్పు చేసిందన్న దాని మీదికి మళ్లుతుంది. ఆ చర్చలో పోయే వారాలు కొన్ని జబ్బుల్లో మళ్లీ దొరకని వారాలు.

ఇంట్లో మేము గుర్తుపట్టగలిగే లక్షణాలు ఏమిటి?

పసిబిడ్డకు పాలు తాగడమే అన్నింటికంటే పెద్ద శ్రమ. పెద్దవాళ్లకు మెట్లెక్కడం ఎటువంటిదో బిడ్డకు అది అటువంటిది. అందువల్ల గుండె మీద భారం మొదట పాల దగ్గరే బయటపడుతుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ రొమ్ము అందుకోగానే ఆపకుండా గుటకలు వేసి, పావుగంట, ఇరవై నిమిషాల్లో కడుపు నిండి, పిడికిళ్లు వదులు చేసి నిద్రలోకి జారుకుంటుంది. గుండె అలసిపోతున్న బిడ్డ నాలుగు గుటకలు వేసి వదిలేస్తుంది, రొప్పుతుంది, మళ్లీ పట్టుకుంటుంది, మళ్లీ వదులుతుంది. ఫ్యాను తిరుగుతున్నా, చలికాలమైనా నుదుటి మీద చెమట బొట్లు లేస్తాయి. తల ఆనించిన చోట తల్లి జాకెట్టు చేయి తడిసిపోతుంది. ముప్పావుగంట గడిచినా కడుపు నిండదు, కానీ అలసిపోయి నిద్రపోతుంది, పది నిమిషాలకే ఆకలితో లేచి ఏడుస్తుంది. ఇంట్లోవాళ్లు తల్లికి పాలు చాలడం లేదనుకుని డబ్బా పాలు మొదలుపెడతారు. అక్కడా ఇదే జరిగితే లోపం పాలలో లేదు.

రెండోది ఊపిరి. బిడ్డ నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకి తీసి, పొట్ట లేచి పడడాన్ని గడియారం చూస్తూ ఒక నిండు నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాది లోపు బిడ్డకు 50, ఐదేళ్ల లోపు బిడ్డకు 40, లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అది వేగమే. డొక్కలు ఎగరేయడం కనిపిస్తే లెక్కతో పని లేకుండానే వైద్యుడికి చూపించాలి. నెలకోసారి నెమ్ము చేయడం, ఆసుపత్రిలో చేర్పించి ఇంటికి తెచ్చిన కొద్ది రోజులకే మళ్లీ చేయడం పెద్ద రంధ్రాలున్న పిల్లల్లో తరచుగా కనిపిస్తుంది. ప్రతిసారీ మందులతో తగ్గిపోవడం వల్ల, వీడికి పడిశెం తత్వం అనుకుని సరిపెట్టుకుంటారు. మూడోది బరువు. టీకాల కార్డులో బరువు గీత రెండు మూడు నెలలు కదలకుండా ఉంటే కారణం వెతకాలి.

కొంచెం పెద్ద పిల్లల్లో అయితే తోటివాళ్లతో పరుగెత్తలేకపోవడం, మేడ మీదికి ఎక్కేటప్పుడు మధ్యలో ఆగిపోవడం, నాలుగడుగులు నడిచి గొంతుక్కూర్చోవడం చూడాలి. ఫాలోస్ టెట్రాలజీ ఉన్న పిల్లలు ఎవరూ నేర్పకుండానే అలా గొంతుక్కూర్చుంటారు, ఎందుకంటే ఆ భంగిమలో ఊపిరితిత్తులకు పోయే రక్తం కొంత పెరిగి వాళ్లకు తేలిక అనిపిస్తుంది. ఇక మరో వైపు, ఏఎస్‌డీ ఉన్న పిల్లల్లో ఏ లక్షణమూ లేకుండా బడికి పోయి ఆడుకునేవారే ఎక్కువ.

చేతులు, కాళ్లు నీలంగా కనిపిస్తే గుండె జబ్బేనా?

చలికి, స్నానం తర్వాత అరిచేతులూ అరికాళ్లూ కాస్త నీలంగా మారడం పసిబిడ్డల్లో మామూలు విషయమే. చూడవలసింది నాలుక, చిగుళ్లు. చామనఛాయ పిల్లల్లో పెదవుల రంగు మోసం చేస్తుంది కాబట్టి, పగటి వెలుతురులో నాలుకను తల్లి నాలుకతో పోల్చి చూడడం మంచి పద్ధతి. నేరేడు పండు తిన్నట్లుగా ఉంటే ఆగకూడదు. రక్తహీనత ఉన్న బిడ్డలో ఆక్సిజన్ బాగా తగ్గినా నీలం అంతగా కనిపించదు. అందుకే కంటితో చూసినదానికంటే పల్స్ ఆక్సీమీటరు అంకెనే నమ్మాలి.

మా వాడు ఏడ్చి ఏడ్చి గుక్కపట్టి నీలంగా అయిపోతాడు. అదీ గుండె జబ్బేనా?

గుక్కపట్టడం వేరు, నీలి బిడ్డలకు, అంటే పైన చెప్పిన రెండో రకం లోపం ఉన్నవారికి, ఉన్నట్టుండి నీలం పెరిగిపోయే బ్లూ స్పెల్ వేరు. రెంటినీ కలగలపడం వల్లనే ఎక్కువ ప్రమాదం జరుగుతోంది. గుక్కపట్టే బిడ్డ సాధారణంగా ఆరు నెలలు దాటినవాడై ఉంటాడు. ఏదో అడిగితే ఇవ్వలేదని, లేదా దెబ్బ తగిలి గట్టిగా ఏడ్చి, ఊపిరి బయటికి వదిలి మళ్లీ తీసుకోకుండా బిగబడతాడు. అప్పుడు నీలంగా మారతాడు, ఒక్కోసారి సోలిపోతాడు కూడా, కానీ నిమిషంలోపే ఊపిరి తీసుకుని మామూలు అవుతాడు. మిగతా సమయాల్లో నాలుక ఎర్రగానే ఉంటుంది. గుండెకు దీనితో సంబంధం అరుదు. రక్తహీనత ఉంటే ఐరన్ మందుతో తగ్గుతుంది.

బ్లూ స్పెల్‌లో ఊపిరి ఆగదు, పైగా వేగంగానూ లోతుగానూ నడుస్తుంది. తెల్లవారి నిద్ర లేచిన వెంటనే, పాలు తాగాక, విరేచనానికి ముక్కాక, ఏడ్చాక ఎక్కువగా వస్తుంది. నీలం నిమిషనిమిషానికీ చిక్కబడుతుంది, బిడ్డ ఆపుకోలేని ఏడుపు నుంచి మత్తులోకి జారుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. ఆ సమయంలో బిడ్డను భుజాన వేసుకుని లేదా వెల్లకిలా పడుకోబెట్టి, రెండు మోకాళ్లనూ మడిచి ఛాతీకి గట్టిగా ఆనించి పట్టుకోవాలి, గదిలో జనాన్ని బయటికి పంపాలి, తల్లి నెమ్మదిగా ఊరడించాలి. ముఖాన నీళ్లు కొట్టడం, చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం బిడ్డను ఇంకా ఏడిపిస్తాయి, ఏడుపు స్పెల్‌ను పెంచుతుంది. నీలం తగ్గినా అదే రోజు పిల్లల వైద్యుడికి చూపించాలి, తగ్గకపోతే మోకాళ్లు అలాగే మడిచి పట్టుకుని 108కు ఫోన్ చేయాలి. ఒక్క స్పెల్ వచ్చినా ఆపరేషన్ సంగతి వెంటనే మాట్లాడుకోవలసిందే.

ఐదో నెల టిఫా స్కాన్‌లో అంతా బాగుందన్నారు. మరి ఇప్పుడు ఎలా బయటపడింది?

టిఫా స్కాన్ బిడ్డ ఒళ్లంతా చూసే పరీక్ష. అందులో గుండెకు దక్కేది కొద్ది నిమిషాలే. పెద్ద లోపాలు చాలావరకు తెలుస్తాయి, చిన్న వీఎస్‌డీలు తెలియకపోవచ్చు. ఏఎస్‌డీ, పీడీఏ రెండింటినీ కడుపులో ఉండగా ముందే చెప్పడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే ఆ రెండు దారులూ కడుపులోని ప్రతి బిడ్డకూ తెరుచుకునే ఉంటాయి, పుట్టాకనే మూసుకుంటాయి. స్కాన్ చేసినవారు ఏదో దాచారని అనుకోనవసరం లేదు.

తల్లికి షుగరు ఉన్నా, మొదటి బిడ్డకు గుండె జబ్బు ఉన్నా, తల్లిదండ్రుల్లో ఒకరికి పుట్టుకతో వచ్చిన గుండె జబ్బు ఉన్నా, టిఫాలో అనుమానం వచ్చినా 18 నుంచి 24 వారాల మధ్య ఫీటల్ ఎకో అనే ప్రత్యేక పరీక్ష చేయించాలి. కడుపులో ఉండగానే పెద్ద లోపం తెలిస్తే, పిల్లల గుండె వైద్యులున్న ఆసుపత్రికి దగ్గరలో కాన్పు ఏర్పాటు చేసుకోవచ్చు. పుట్టిన బిడ్డను అంబులెన్సులో వందల కిలోమీటర్లు తీసుకుపోవడం కంటే, కడుపులో ఉన్న బిడ్డను తల్లితోపాటు తీసుకుపోవడం ఎంతో క్షేమం.

పుట్టినప్పుడు డాక్టరు చూసి బాగుందన్నారు. మూడో రోజుకే పరిస్థితి ఎందుకు విషమించింది?

కడుపులో ఉన్నప్పుడు ఊపిరితిత్తులతో పని లేదు కాబట్టి, రక్తాన్ని పక్కదారిన పంపడానికి డక్టస్ అనే చిన్న నాళం ఉంటుంది. పుట్టాక అది రెండు మూడు రోజుల్లో ముడుచుకుపోతుంది. కొన్ని గుండె లోపాల్లో ఆ నాళమే బిడ్డకు ఆధారం. అది తెరుచుకుని ఉన్నంతసేపూ బిడ్డ ఎర్రగా, చలాకీగా కనిపిస్తుంది. అది మూసుకోగానే, తరచుగా డిశ్చార్జి అయి ఇంటికి వెళ్లాక, నీలంగా మారుతుంది లేదా పాలు మానేసి చల్లబడిపోతుంది. ఆ నాళాన్ని తెరిచి ఉంచడానికి ప్రోస్టాగ్లాండిన్ అనే మందును రక్తనాళంలోకి నిరంతరం ఎక్కిస్తూ పెద్ద ఆసుపత్రికి తరలిస్తారు.

ఇటువంటి వాటిని ఇంటికి పంపకముందే పట్టుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. బిడ్డకు 24 గంటలు నిండాక కుడి చేతికి, ఏదో ఒక పాదానికి పల్స్ ఆక్సీమీటరు పెట్టి చూడాలి. రెండు చోట్లా 95 శాతం లేదా అంతకు మించి ఉండి, రెంటి మధ్య తేడా 3కు మించకపోతే సరిపోయినట్టే. ఎక్కడైనా 90కి దిగువన ఉంటే వెంటనే ఎకో చేయాలి. మధ్యలో ఉంటే గంట ఆగి మళ్లీ చూస్తారు. ఐదు నిమిషాల పని, నొప్పి లేదు, సూది లేదు. కాన్పు అయిన చోట ఈ పరీక్ష చేశారా అని డిశ్చార్జి కాగితం చేతికి వచ్చేలోపు అడగడంలో మొహమాటం వద్దు. బృహద్ధమని సన్నబడే జబ్బును మాత్రం ఇది ఒక్కోసారి పట్టుకోలేదు. దానికి తొడల దగ్గర నాడిని వేలితో తాకి చూడాలి.

గుండెలో మర్మర్ వినిపిస్తోందన్నారు. భయపడాలా?

మర్మర్ అంటే గుండె చప్పుడుతో పాటు వినిపించే అదనపు శబ్దం. ఆరోగ్యవంతులైన పిల్లల్లోనూ చాలామందికి, ముఖ్యంగా జ్వరం వచ్చినప్పుడు, ఏ జబ్బూ లేకుండానే ఇది వినిపిస్తుంది. అలాగే ప్రాణాంతకమైన కొన్ని జబ్బుల్లో ఏ శబ్దమూ ఉండదు. కనుక మర్మర్ ఉన్నందుకు కుంగిపోవద్దు, లేనందుకు నిశ్చింతగా ఉండవద్దు. ఎకో చేయిస్తే తేలిపోతుంది.

ఎకో పరీక్ష వల్ల హాని ఉందా?

లేదు. కడుపు స్కానింగ్ ఎటువంటిదో ఇదీ అటువంటిదే. ఛాతీ మీద జెల్ రాసి ప్రోబుతో అరగంట వరకూ చూస్తారు. కదిలే పిల్లలకు నిద్రమందు ఇస్తారు కాబట్టి ఎంతసేపటి ముందు పాలు ఆపాలో అడిగి తెలుసుకుని వెళ్లాలి. పసిబిడ్డ ఎకోను పెద్దవాళ్ల గుండె మాత్రమే చూసేవారికంటే పీడియాట్రిక్ కార్డియాలజిస్టు చేస్తే ఫలితం నమ్మకంగా ఉంటుంది.

రంధ్రం దానంతటదే పూడుకుంటుందంటారు. ఎంతకాలం ఆగవచ్చు?

అన్నింటికంటే ఎక్కువ మంది అడిగేదీ, అన్నింటికంటే ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే. ఒక జబ్బులో ఆగడం వైద్యం, మరో జబ్బులో ఆగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడం. పక్కింటి పిల్లకు ఐదేళ్లకు పూడిపోయిందన్న మాట మీ బిడ్డకు వర్తించకపోవచ్చు.

చిన్న వీఎస్‌డీలు, అందులోనూ కండరపు గోడలో ఉన్నవి, చాలావరకు మొదటి రెండు మూడేళ్లలో పూడుకుంటాయి. బిడ్డ బరువు పెరుగుతూ, ఆయాసం లేకుండా ఉంటే అప్పుడప్పుడు ఎకో చేయించుకుంటే చాలు. పెద్ద వీఎస్‌డీ అలా కాదు. మందులు వాడుతున్నా బరువు పెరగకపోతే మూడు నుంచి ఆరు నెలల వయసులోనే ఆపరేషన్ చేయాలి. బిడ్డ కాస్త బరువు పెరిగాక చేయిద్దామని ఆగడం ఇంటివారికి సహజంగా తోచే మాటే, కానీ ఆ బిడ్డ బరువు పెరగకపోవడానికి కారణమే ఆ రంధ్రం. రంధ్రం మూసాకనే బరువు పెరుగుతుంది.

ఇంకా ఆగితే ఏమవుతుందన్నది 1897లో ఐసెన్‌మెంగర్ అనే ఆస్ట్రియా వైద్యుడు ఒక రోగిలో వర్ణించాడు. ఏళ్ల తరబడి అధిక పీడనంతో రక్తం దూకడం వల్ల ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడి, రక్తం ఎదురు తిరిగి, అప్పటిదాకా ఎర్రగా ఉన్న బిడ్డ నీలంగా మారుతుంది. మధ్యలో ఒక దశలో ఆయాసం తగ్గుతుంది, నెమ్ము రావడం తగ్గుతుంది, పిల్లవాడు తేరుకున్నాడని ఇంట్లో సంతోషిస్తారు. నిజానికి రంధ్రం మూసే అవకాశం చేజారుతున్నది ఆ దశలోనే. ఆ తర్వాత రంధ్రం మూస్తే ప్రాణానికే ముప్పు. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఈ మార్పు ఇంకా త్వరగా వస్తుంది కాబట్టి వారికి ఆరు నెలల లోపే మరమ్మతు జరగాలి.

మిగతా వాటి గడువులు వేరు. ఏఎస్‌డీకి తొందర తక్కువ, సాధారణంగా బడికి పంపే ముందు మూడు నుంచి ఐదేళ్ల మధ్య మూస్తారు. పెద్ద పీడీఏను నెలల వయసులోనే మూయవలసి రావచ్చు. నెలలు నిండని బిడ్డల్లో మందుతోనే మూసుకుపోయే అవకాశం ఉంది. ఫాలోస్ టెట్రాలజీకి ఆరు నెలల నుంచి ఏడాది లోపు. టీజీఏలో ధమనులను మార్చి కుట్టే ఆపరేషన్ పుట్టిన రెండు మూడు వారాల్లోనే జరగాలి, ఆలస్యమైతే ఎడమ గది కండరం బలహీనపడుతుంది. ఊపిరితిత్తుల సిరలు తప్పు చోట కలిసి, దారి మూసుకుపోయిన టీఏపీవీసీ అయితే గంటల లెక్కే.

ఛాతీ కోయకుండా నయం చేయవచ్చా?

కొన్నింటిని చేయవచ్చు. తొడ దగ్గరి సిరలోంచి సన్నని గొట్టం పంపి, తీగెల జాలితో చేసిన గొడుగు వంటి పరికరాన్ని రంధ్రంలో తెరిచి బిగిస్తారు. చాలా పీడీఏలు, గోడ అంచులు బాగున్న ఏఎస్‌డీలు, కొన్ని వీఎస్‌డీలు ఇలా మూయవచ్చు. సన్నబడిన కవాటాన్ని బెలూనుతో వెడల్పు చేస్తారు. రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపుతారు, కొన్ని నెలలు ఆస్పిరిన్ వాడమంటారు. అంచులు లేని రంధ్రానికి పరికరం నిలవదు. అక్కడ ఆపరేషనే మేలని డాక్టరు అంటే అది వెనకబాటు వైద్యం కాదు.

ఓపెన్ హార్ట్ ఆపరేషన్‌ను పసిబిడ్డ తట్టుకుంటుందా?

గుండెను ఆపి, హార్ట్ లంగ్ మెషీన్ రక్తాన్ని నడుపుతుండగా లోపల మరమ్మతు చేస్తారు. అనుభవమున్న కేంద్రాల్లో మామూలు రంధ్రాల ఆపరేషన్‌లో ప్రాణాపాయం నూటికి ఒకటి రెండుకు మించదు. క్లిష్టమైన లోపాల్లో, వయసుకు తగిన బరువు కూడా లేని బిడ్డల్లో ఇది పెరుగుతుంది, ఆ అంకెను సర్జనును నేరుగా అడగాలి. యంత్రం నమ్మకంగా పనిచేయని రోజుల్లో, 1954లో, అమెరికాలోని మిన్నెసోటాలో డాక్టర్ లిల్లేహై బిడ్డ రక్తనాళాలను తల్లి లేదా తండ్రి రక్తనాళాలకు కలిపి, పెద్దవారి గుండె, ఊపిరితిత్తుల ఆధారంతోనే బిడ్డ గుండెను తెరిచారు. అలా చేసిన 45 మందిలో 28 మంది ఇల్లు చేరారు. అంతకు పదేళ్ల ముందు, 1944 నవంబరులో, అమెరికాలోని బాల్టిమోరులో పిల్లల గుండె వైద్యురాలు హెలెన్ టౌసిగ్ ఆలోచన, ప్రయోగశాల సహాయకుడు వివియన్ థామస్ ప్రయోగాలు, సర్జన్ బ్లాలాక్ చేతిపని కలిసి నీలి బిడ్డకు తొలి షంట్, అంటే ఊపిరితిత్తులకు అదనంగా రక్తం చేర్చే దారి, వేశాయి. పుట్టీ పుట్టని బిడ్డకు పూర్తి మరమ్మతు అప్పుడే సాధ్యం కానప్పుడు ఈ నాటికీ మొదట వేసేది దాని మారురూపమే.

ఐసీయూలో బిడ్డ ఒంటి నిండా గొట్టాలు చూసి కంగారుపడని తల్లి ఉండదు. ఇంటికి వచ్చాక రొమ్ము ఎముక అతుక్కునే దాకా, అంటే సుమారు ఆరు వారాలు, చంకల కింద చేతులు పెట్టి ఎత్తకూడదు. ఒక చేయి మెడ కింద, ఒక చేయి పిరుదుల కింద పెట్టి ఎత్తాలి. కుట్ల దగ్గర చీము, జ్వరం, పాలు తాగకపోవడం కనిపిస్తే ఆపరేషన్ చేసిన చోటికే తిరిగి వెళ్లాలి.

ఆపరేషన్ అయ్యేదాకా ఇంట్లో ఎలా చూసుకోవాలి?

తల్లిపాలు మానకూడదు. కొద్ది కొద్దిగా, ఎక్కువసార్లు పట్టాలి. బిడ్డ మరీ అలసిపోతే తల్లిపాలను గిన్నెలోకి పిండి, చెంచాతో పట్టవచ్చు. ఆరు నెలలు దాటాక మెత్తటి పప్పన్నంలో నెయ్యి వేసి పెడితే తక్కువ ముద్దల్లో ఎక్కువ బలం అందుతుంది. ఒంట్లో చేరిన నీటిని తగ్గించే ఫ్రుసెమైడ్ వంటి మందులను చెంచా కొలతతో కాకుండా, సూది తీసిన సిరంజితో మిల్లీలీటర్లలో ఇవ్వాలి. సిరప్ కంపెనీ మారితే మోతాదు మళ్లీ అడగాలి. డాక్టరు చెప్పకుండా మందు ఆపకూడదు.

గుండె జబ్బు ఉందని టీకాలు ఆపేవారు ఎక్కువ మంది ఉన్నారు. సరిగ్గా ఈ పిల్లలకే టీకాలు ఎక్కువ అవసరం. నీలి బిడ్డకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడుతుంది, షంట్ వేసిన బిడ్డలో అయితే అది మూసుకుపోవచ్చు. ఓఆర్‌ఎస్ పడుతూ వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దంతాలు రోజూ శుభ్రంగా తోమించాలి, ఎందుకంటే పుచ్చుపళ్ల నుంచి క్రిములు రక్తంలోకి చేరి గుండె లోపల ఇన్ఫెక్షన్ తెస్తాయి. పన్ను తీయించే ముందు ఈ జబ్బు సంగతి దంత వైద్యుడికి చెప్పాలి.

ఖర్చు భరించలేము. ప్రభుత్వ సాయం ఎలా అందుతుంది?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వైద్య బృందాలు వచ్చి 18 ఏళ్ల లోపు పిల్లలను పరీక్షిస్తాయి. అనుమానం ఉన్నవారిని, పిల్లల లోపాలను తొందరగా గుర్తించి చికిత్సకు దారి చూపే జిల్లాలోని డీఈఐసీ కేంద్రానికి పంపుతాయి. బృందం వచ్చేదాకా ఆగకుండా మీరే అక్కడికి వెళ్లవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ తెలంగాణలో అదే పేరుతోనూ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగానూ కొనసాగుతోంది. పిల్లల గుండె ఆపరేషన్లు రెండింటిలోనూ ఉన్నాయి. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిస్తే కాగితాల పని ఆయనే చూస్తారు. హైదరాబాదులో నిమ్స్, తిరుపతిలో 2021 అక్టోబరులో టీటీడీ ప్రారంభించిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం, 1991 నుంచి ఉచితంగా వైద్యం చేస్తున్న పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రి తెలుగువారికి దగ్గరలో ఉన్నవి. పుట్టిన బిడ్డ పేరు కార్డులో లేదని ఆగిపోవద్దు. జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల కార్డు పట్టుకుని వెళ్లి ముందు మాట్లాడండి.

గొంతునొప్పి, కీళ్లనొప్పుల తర్వాత వచ్చే గుండె జబ్బు కూడా ఇదేనా?

కాదు. అది రుమాటిక్ జ్వరం, ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లలకు గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చి కవాటాలను పాడుచేస్తుంది. దానికి మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి వేయించాలి. పుట్టుకతో వచ్చిన రంధ్రానికి ఆ ఇంజెక్షన్ అవసరం లేదు.

ఆపరేషన్ తర్వాత ఆటలు, చదువు, పెళ్లి మాటేమిటి?

రంధ్రం పూర్తిగా మూసుకుని, ఊపిరితిత్తుల పీడనం మామూలుగా ఉన్న పిల్లవాడు కబడ్డీ ఆడవచ్చు, ఈత కొట్టవచ్చు. భయంతో పిల్లవాడిని బెంచీ మీద కూర్చోబెట్టడం వల్ల గుండెకు ఏ మేలూ జరగదు. ఫాలోస్ టెట్రాలజీ వంటివి సరిచేసినా జీవితాంతం ఏడాదికో రెండేళ్లకో చూపించుకుంటూ ఉండాలి, పెద్దయ్యాక కవాటం మార్చవలసి రావచ్చు. అందువల్ల ఆపరేషన్ కాగితాలను ప్లాస్టిక్ సంచిలో భద్రంగా పెట్టి, ఫోనులో ఫొటోలు తీసుకుని, పిల్లలకు పదిహేనేళ్లు వచ్చేసరికి తమ జబ్బు పేరు వాళ్లకే చెప్పడం నేర్పాలి.

ఆడపిల్ల విషయంలో ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఛాతీ మీద గీత ఉంటే సంబంధాలు రావని, ఆపరేషన్‌ను వాయిదా వేసిన కుటుంబాలు ఉన్నాయి. అయిన ఆపరేషన్‌ను అత్తవారికి చెప్పకుండా దాచి, గర్భం వచ్చాక చెకప్‌లు మాన్పించిన కుటుంబాలూ ఉన్నాయి. మామూలు రంధ్రం చిన్నప్పుడే మూయించుకున్న అమ్మాయి అందరిలాగే గర్భం మోయగలదు. మూయించక ఐసెన్‌మెంగర్ దశకు చేరిన అమ్మాయికి గర్భం ప్రాణాంతకం. పెళ్లి కోసం ఆపరేషన్ ఆపడం అన్నది లెక్క ప్రకారం చూసినా తిరగబడిన లెక్కే.

రెండో బిడ్డకు కూడా వస్తుందా?

మొదటి బిడ్డకు ఉంటే రెండో బిడ్డకు వచ్చే అవకాశం సుమారు నూటికి రెండు నుంచి ఐదు. అంటే నూటికి కనీసం తొంభై ఐదు మందికి రాదు. తల్లికే గుండె లోపం ఉంటే ఇంకాస్త ఎక్కువ. గర్భానికి కనీసం ఒక నెల ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకోవడం, షుగరు అదుపులోకి తెచ్చుకోవడం, రుబెల్లా టీకా వేయించుకోకపోయి ఉంటే వేయించుకుని ఒక నెల గర్భం రాకుండా చూసుకోవడం, మూర్ఛ మందులను సొంతంగా ఆపకుండా డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవడం చేయదగిన పనులు. నెల తప్పాక మొదటి చూపులోనే పెద్ద బిడ్డ ఎకో రిపోర్టును డాక్టరు ముందు పెట్టి, ఫీటల్ ఎకో తేదీని అప్పుడే రాయించుకోవాలి.